ఏడుగురు ఆడపిల్లలు, ఒక అద్దె ఇల్లు

రూతు గ్రంథమును మన సంఘాలలో ఎన్నోసార్లు ధ్యానించుకొన్నాము. పెండ్లి ఆరాధనలలో వింటాము, స్త్రీల కూడికలలో వింటాము. అయితే 2వ అధ్యాయం 22వ వచనం దగ్గర ఆగేవారు తక్కువ. పరిగె ఏరుకోవడానికి వెళ్లిన కోడలితో నయోమి అక్కడ ఒక ఆచరణయోగ్యమైన సలహా చెబుతుంది. బోయజు పనికత్తెలతోనే కలిసి ఉండమని, వేరొకరి చేనికి వెళ్లవద్దని ఆ మాట సారాంశము. పరాయి ఊరిలో కూలికి వెళ్లే ఆడపిల్లకు తోటి ఆడపిల్లలే కంచె అని ఆ ముసలితల్లికి తెలుసు. బేత్లెహేములో యవల కోత నాటి సంగతి ఇది.

అదే సంగతి సుమారు మూడువేల సంవత్సరాల తరువాత, పొలంలో కాదు, పొగ గొట్టాల మధ్య, చికాగో అనే మహానగరంలో మళ్లీ తలెత్తింది. అక్కడ ఏడుగురు కూలి ఆడపిల్లలు కలిసి ఒక అద్దె ఇల్లు తీసుకొని, పెద్దదిక్కు ఎవరూ లేకుండా తామే నడుపుకొన్నారు. ఆ కథ మన గ్రామాల్లోని తల్లిదండ్రులు తెలుసుకోదగినదని నా నమ్మకము. ఎందుకంటే ఇప్పుడు మన పిల్లలు కూడా డిగ్రీ అయిన మరుసటి నెలే సంచి సర్దుకొని హైదరాబాదు బస్సు ఎక్కుతున్నారు.

చికాగో అనగానే మనవాళ్లకు 1893లో వివేకానందుడు ప్రసంగించిన ఊరని గుర్తొస్తుంది. సువార్త పరిచర్య ఎరిగిన వారికి డి. ఎల్. మూడీ గారి ఊరని గుర్తొస్తుంది. 1871లో జరిగిన గొప్ప అగ్ని ప్రమాదంలో మూడీ గారి మందిరం సహా ఆ నగరం చాలా భాగం కాలి బూడిదయ్యింది. కాలిన ఊరు అతివేగంగా లేచింది. 1880లో 5 లక్షల జనాభా ఉంటే, చుట్టుపక్కల ఊళ్లను కూడా కలుపుకొని 1890 నాటికి సుమారు 11 లక్షలకు చేరింది. పదేండ్లలో రెట్టింపు కంటే ఎక్కువ! ఆ వచ్చినవారిలో పొలాలు, పల్లెలు విడిచి ఒంటరిగా వచ్చిన యువతులు వేలాదిమంది ఉన్నారు. కొందరు ఐర్లాండు, జర్మనీ వంటి దేశాల నుండి వచ్చిన కుటుంబాల పిల్లలు. బట్టల కుట్టుపని, బూట్ల ఫ్యాక్టరీలు, పుస్తకాల బైండింగు, పెద్ద పెద్ద దుకాణాలలో అమ్మకాలు, కొత్తగా వచ్చిన టైపు మిషను మీద ఉత్తరాలు కొట్టడం, ఇవీ వారి పనులు.

జీతం మాట చూద్దాం. అమెరికా ప్రభుత్వ కార్మిక శాఖ కమిషనరు క్యారొల్ రైట్ 1888లో 22 నగరాలలో 17,427 మంది పనిచేసే స్త్రీలను విచారించి ఒక నివేదిక తయారు చేయించాడు. వారానికి సగటు సంపాదన 5 డాలర్ల 24 సెంట్లు అని తేలింది. వారిలో 14,918 మంది తమవారి ఇళ్లలో ఉంటున్నారు, 2,509 మంది ఇల్లు విడిచి బయట బస చేస్తున్నారు. యజమానులు ఈ మొదటి సంఖ్యనే పట్టుకొన్నారు. ఆడపిల్లకు తండ్రి ఇంట్లో అన్నం ఉంటుంది, ఆమె సంపాదన చేతి ఖర్చుకే అని వాళ్ల వాదన. తండ్రి ఇల్లు వందల మైళ్ల దూరాన ఉన్న పిల్ల సంగతి వాళ్లకు పట్టలేదు. (ఈ వాదన మనకు కొత్త కాదు. మన చేలలో ఆడకూలి, మగకూలి తేడా అడిగి చూడండి, అదే జవాబు వస్తుంది.)

అలాంటి పిల్లలకు దిక్కు పూటకూళ్ల ఇళ్లు. వారం వారం డబ్బు కడితే ఒక ఇరుకు గది, రెండు పూటల భోజనం. ఒక్కొక్కసారి ఒకే మంచం మీద ఇద్దరు. స్నేహితురాలో, తమ్ముడో చూడటానికి వస్తే కూర్చోబెట్టడానికి చోటుండదు. వారం డబ్బు బాకీ పడితే పూటకూళ్లమ్మ పెట్టె తీసి వీధిలో పెడుతుంది. ఆమెను కూడా నేను తప్పుపట్టను. చాలాసార్లు ఆమె కూడా ఒక విధవరాలే, తన అద్దె తాను కట్టుకోవాలి.

ఇక్కడ మన క్రైస్తవ సమాజం ఊరుకోలేదని చెప్పాలి. 1855లో లండనులో లేడీ కిన్నెయిర్డ్ అనే భక్తురాలు నర్సుల కొరకు ఒక వసతి గృహం తెరిచింది. అదే కాలంలో ఎమ్మా రాబర్ట్స్ అనే మరొక సహోదరి యౌవన స్త్రీల కొరకు ప్రార్థన బృందము ఆరంభించింది. ఆ రెండు పనులూ తరువాత కలిసి వై.డబ్ల్యు.సి.ఎ. అయ్యాయి. న్యూయార్కులో 1860లో యువతులకు వసతి గృహం మొదలయ్యింది, 1866లో బోస్టనులో వై.డబ్ల్యు.సి.ఎ. ఏర్పడింది. మన దేశానికి ఆ సంస్థ 1875లో బొంబాయి ద్వారా వచ్చింది, 1896లో జాతీయ స్థాయిలో ఏర్పడింది. ఇప్పటికీ మన పట్టణాలలో ఆ పేరు మీద హాస్టళ్లున్నాయి, మన పిల్లలెందరో అక్కడ తలదాచుకొన్నారు. దేవునికి స్తోత్రము.

అయితే ఒక మాట దాచకూడదు. ఆనాటి ఇటువంటి గృహాలలో చాలావాటికి నియమాలు గట్టివి. మంచి నడవడి ఉన్నదని ఎవరో ఉత్తరం రాసివ్వాలి. రాత్రి పదింటికి తలుపు మూస్తారు. సాయంకాల ప్రార్థనకు రావాలి. మేట్రన్‌ అనే పెద్దమ్మ అన్నీ గమనిస్తూ ఉంటుంది. వాటిని నడిపినవారు ప్రేమతోనే నడిపారు. కానీ రోజంతా ఫ్యాక్టరీలో మేస్త్రీ చూపుల కింద పనిచేసి వచ్చిన పిల్లకు, ఇంట్లో కూడా అనుమానపు చూపు ఉంటే ఎలాగుంటుంది? చాలామంది అలాంటి చోటు వద్దనుకొని పూటకూళ్ల ఇంటినే వెదుక్కొన్నారు. ప్రార్థన అంటే ప్రాణమిచ్చే వృత్తిలో ఉన్న నాకే ఈ మాట రాయడం కష్టంగా ఉంది. అయినా హాజరు పట్టీ పెట్టిన ప్రార్థన ఎంత దూరం వెళుతుందో దేవునికే తెలియాలి.

ఇక అసలు కథకు వద్దాము. 1889 సెప్టెంబరు 18న జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాండ్రు చికాగోలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత మేడలో నివాసం పెట్టారు. ఇటలీవారు, జర్మన్లు, ఐరిష్ వారు, రష్యా నుండి వచ్చిన యూదులు కిక్కిరిసి బ్రతికే పేట అది. చదువుకొన్న, కలిగిన ఇంటి ఆడపిల్లలు కోరి వెళ్లి బీదల మధ్య కాపురముండటం చూసి ఊరంతా ఆశ్చర్యపోయింది. లండనులో బార్నెట్ అనే పాదిరిగారు 1884లో ఆరంభించిన టాయిన్‌బీ హాలును చూసి జేన్ ఆడమ్స్‌కు ఈ ఆలోచన గట్టిపడింది. ఆ మేడ కట్టించిన హల్ అనే పెద్దమనిషి పేరున దానికి హల్ హౌస్ అని పేరు నిలిచింది. జేన్ ఆడమ్స్ ప్రెస్బిటేరియన్ సంఘంలో బాప్తిస్మము పొందిన స్త్రీ. కానీ హల్ హౌస్ సువార్త సంస్థగా నడవలేదు. అన్ని మతాలవారూ వచ్చే చోటుగానే ఉంచారు. ఈ విషయంలో ఆమెతో వాదించాలని నాకుంటుంది, అయితే అది మరొక వ్యాసము.

ఆ రోజుల్లోనే మేరీ కెన్నీ అనే యువతి చికాగోలో పుస్తకాల బైండింగు పని చేస్తూ ఉండేది. 1864లో మిస్సోరి రాష్ట్రంలోని హానిబాల్ అనే ఊరిలో పుట్టింది. ఐర్లాండు నుండి వలస వచ్చిన కుటుంబం, రోమను కతోలికులు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బడి చదువు కొద్ది సంవత్సరాలే. జబ్బు మనిషి అయిన తల్లిని వెంటబెట్టుకొని పని వెదుక్కుంటూ చికాగో చేరింది. తోటి బైండింగు పిల్లలను కూడగట్టి కార్మిక సంఘం పెట్టింది. వాళ్ల కూటాలు ఎక్కడ జరిగేవో తెలుసా? ఒక సారా దుకాణం పైన ఉన్న గదిలో! మురికి, గోల. కానీ అంతకంటే మంచి గదికి అద్దె కట్టే స్తోమత వాళ్లకు లేదు.

జేన్ ఆడమ్స్ ఈ మేరీని భోజనానికి పిలిచింది. మేరీకి వెళ్లాలని లేదు. కలిగినవాళ్లకు మా కష్టం ఏమి తెలుస్తుందిలే అనుకొన్నది. తల్లి నచ్చజెప్పి పంపించింది. అక్కడ జేన్ ఆడమ్స్ ఉపదేశమేమీ చేయలేదు. మీ సంఘానికి నేనేమి సాయం చేయగలనని అడిగింది. హల్ హౌస్‌లో కూడుకోమన్నది. కూటానికి రమ్మని పిలిచే కరపత్రాలు అచ్చు వేయించడమే కాక, వాటిని పట్టుకొని తానే మెట్లెక్కి దిగి పంచింది. మేరీ అనుమానం అక్కడితో కరిగిపోయింది.

కార్మిక సంఘం అనగానే మన విశ్వాసులలో కొందరు ముఖం చిట్లిస్తారు. వారు యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం ఒకసారి తీసి చదువుకోవాలి. కోత కోసినవారి కూలి బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని, ఆ కేక దేవుని చెవులకు చేరుతుందని అపొస్తలుడు రాశాడు.

ఒక పెద్ద బూట్ల ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. ఆ సమయంలో పనిచేసే ఆడపిల్లలు హల్ హౌస్‌లో కూడుకొని మాట్లాడుకొంటున్నారు. ఎవరు ముందుగా బెదిరి పనికి తిరిగి వెళ్లారు అన్న ప్రశ్న వచ్చింది. పిరికివారు కాదు, ద్రోహులూ కాదు. పూటకూళ్ల ఇళ్లలో ఉండేవారు! వారం డబ్బు బాకీ పడితే వీధిన పడతామన్న భయం వాళ్లను లొంగదీసింది. అమ్మ ఇంట్లో ఉండే పిల్ల ఇంకో వారం నిలబడగలదు, ఒంటరి పిల్ల నిలబడలేదు. అప్పుడు వాళ్లలో ఒక అమ్మాయి, మనకే ఒక సొంత బస ఉంటే ఇలాంటి సమయంలో ఒకరికొకరం నిలబడేవాళ్లం కదా అన్నది.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన పిల్లలలో ఎంతమంది ఈ కారణంగానే నోరు మెదపక ఉన్నారు? దుకాణంలోనో ఆఫీసులోనో సూపర్‌వైజరు చెడ్డ మాట అంటాడు. జీతం రెండు నెలలు ఆపుతారు. పిల్ల ఊరికి ఫోను చేసి ‘అంతా బాగానే ఉంది నాన్నా’ అంటుంది. హాస్టలు ఫీజు అయిదో తారీఖుకు కట్టాలి, పని మానేస్తే మంచం పోతుంది, ఊరికి తిరిగి వస్తే పదిమంది పది రకాలుగా అనుకొంటారు. ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, మా అమ్మాయి కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ, ఎందుకో సన్నబడిపోయింది, ఏమీ చెప్పదు అన్నది. ప్రార్థన చేశాను. ఆ పిల్ల ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది అని అడిగితే ఆ తల్లికి హాస్టలు పేరు కూడా తెలియదు.

చికాగో పిల్లలు ఆ మాటను మాటగా వదలలేదు. బియాట్రిస్ పాటర్ అనే ఆంగ్ల రచయిత్రి సహకారోద్యమం మీద రాసిన చిన్న పుస్తకాన్ని జేన్ ఆడమ్స్‌తో కూర్చొని బిగ్గరగా చదువుకొన్నారు. 1844లో ఇంగ్లాండులోని రోచ్‌డేల్ అనే ఊరిలో 28 మంది పనివారు తలా కొంచెం డబ్బు వేసి నడిపిన దుకాణంతో బలపడిన ఉద్యమం అది. మన పాల సొసైటీలు, పరపతి సంఘాలు, అక్కచెల్లెళ్ల పొదుపు సంఘాలు ఆ వంశంలోనివే. డ్వాక్రా సంఘంలో పద్దు రాసిన సహోదరికి ఈ కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

1891 మే 1న హల్ హౌస్‌కు దగ్గరలో బస తెరిచారు. సామాను, మొదటి నెల అద్దె హల్ హౌస్ ఇచ్చింది. ఆ తరువాత ఒక్క సెంటు అడగలేదు. మొదటి సభ్యులు ఏడుగురు, అందరూ కార్మిక సంఘంలో పనిచేసిన పిల్లలే. మేరీ కెన్నీ వారిలో ముఖ్యురాలు. జేన్ ఆడమ్స్ పేరున దానికి జేన్ క్లబ్బు అని పేరు పెట్టుకొన్నారు.

అది ఎలా నడిచిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మహిమంతా అక్కడే ఉంది. మేట్రన్‌ లేదు, వార్డెను లేదు, బయటివారి అజమాయిషీ లేదు. సభ్యులే తమలోనుండి పెద్దలను ఎన్నుకొంటారు. పదవి ఆరు నెలలే. జీతం లేదు. అన్నిటిలో బరువైనవి రెండు పనులు. డబ్బు పద్దు చూసే కోశాధికారి ఒకరు, సరుకులు, వంట సంగతి చూసే బాధ్యురాలు మరొకరు. రోజంతా ఫ్యాక్టరీలో నిలబడి, సాయంకాలం వచ్చి, మిగిలిన ఆ కాస్త తీరికలో బొగ్గు ఎంత వచ్చింది, మాంసం ధర ఎంత, ఎవరి వారం బాకీ ఉంది అని లెక్క చూసుకోవాలి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఆహారం పంచే పనికి ఆత్మతో నిండిన ఏడుగురిని ఏర్పరచుకొన్నారు కదా, బల్లల దగ్గర పని చిన్నపని కాదని ఆది సంఘానికి తెలుసు. డబ్బు సంచి ఎవరి చేతిలో ఉండాలన్నది ఎంత జాగ్రత్త పడవలసిన సంగతో యోహాను 12:6 చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఒక్కొక్కరు వారానికి 3 డాలర్లు. అప్పుడప్పుడు అవసరాన్ని బట్టి మరికొంచెం. దానితోనే అద్దె, భోజనం, పనివారి జీతం, చలికి వేడి, దీపం ఖర్చు అన్నీ గడిచాయి. ఇంటి పనిలో తమ ఉద్యోగానికి అడ్డురానంత వంతు సభ్యులే చేసుకొనేవారు. లోపల చదువు బృందాలు, కబుర్ల బృందాలు ఉండేవి. నెలకొకసారి హల్ హౌస్ వ్యాయామశాలలో స్నేహితులను పిలిచి విందు చేసేవారు. చాటుమాటు కలయికలకు పని లేకుండా, వెలుతురులో పదిమంది మధ్య పలకరించుకొనే చోటు అది. పూటకూళ్ల ఇంట్లో లేనిది అదే.

లెక్క మాత్రం నిజాయితీగా చూడాలి. సగటు సంపాదన 5 డాలర్ల చిల్లర అయితే 3 డాలర్లు అందులో సగానికి పైనే. దుకాణంలో అంతకంటే తక్కువ జీతానికి నిలబడే చిన్నపిల్లకు ఈ బస కూడా అందని ద్రాక్షే. జేన్ క్లబ్బు అందరి కన్నీరూ తుడిచిందని నేను చెప్పను.

బస పెట్టిన రెండేళ్లకు అమెరికా కార్మిక శాఖ అధిపతి చూడటానికి వచ్చాడు. తమ శాఖ ఎన్నో సహకార ప్రయత్నాలను విచారించిందని, స్త్రీలు పెట్టి నడిపినవాటిలో ఒక్కటీ నిలవలేదని చెప్పి వెళ్లాడు. అది 1893, దేశమంతా బ్యాంకులు కూలి, పనులు పోయిన సంవత్సరం. అయినా మూడవ సంవత్సరం ముగిసేసరికి జేన్ క్లబ్బు సభ్యులు 50 మంది అయ్యారు, ఆ భవనంలో ఉన్న 6 ఫ్లాట్లూ వాళ్లవే అయ్యాయి.

తరువాత వచ్చిన శోధన మరొక రకమైనది. అద్దె ఫ్లాట్లు ఇరుకు, అసౌకర్యం. సొంత భవనం కట్టాలని హల్ హౌస్ తలపెట్టింది. హల్ హౌస్ ధర్మకర్తలలో ఒకరు తన స్నేహితుని దగ్గర 20,000 డాలర్ల మాట తీసుకొని సంతోషంగా వచ్చాడు. వారానికి 3 డాలర్లు కట్టే పిల్లలకు అది ఎంత డబ్బో ఆలోచించండి. అయితే ఆ దాత ఎవరో విన్న జేన్ ఆడమ్స్ నిర్ఘాంతపోయింది. తన దగ్గర పనిచేసే ఆడపిల్లలకు బొత్తిగా తక్కువ జీతాలిస్తాడని ఊరంతా ఎరిగిన మనిషి. అంతకంటే చెడ్డ కథలు కూడా అతని గురించి ఉన్నాయి. పనిపిల్లల పొట్ట కొట్టిన డబ్బుతో పనిపిల్లలకు ఇల్లు ఎలా కట్టడం? వద్దన్నారు. మధ్యలో నిలబడిన ధర్మకర్తకు తలవంపులయ్యింది. ఎంతో మంచి మనసుతో తెచ్చిన మనిషి పాపం.

ద్వితీయోపదేశకాండము 23:18 ఎరిగిన మనము ఇది చదివి సంతోషిస్తాము. సంతోషించి, మన మందిరం ప్రహరీ గోడకు, మైకు సెట్టుకు చందా ఇచ్చినవారి పేర్లు చెక్కిన రాయి వైపు ఒకసారి చూస్తాము. యూదా పారవేసిన వెండి నాణెములను కానుకల పెట్టెలో వేయకూడదని ప్రధాన యాజకులకు కూడా తెలుసు (మత్తయి 27:6). నేను కూడా మందిరం పనికి రసీదు పుస్తకం పట్టుకొని తిరిగినవాడినే. 20,000 వద్దనడం ఎంత కష్టమో, పునాది దగ్గర ఆగిన గోడ చూస్తూ వద్దనడం ఇంకెంత కష్టమో నాకు తెలుసు.

ఆ డబ్బు లేకుండానే 1898లో జేన్ క్లబ్బుకు భవనం లేచింది. 1960లలో విశ్వవిద్యాలయం ఆవరణ కొరకు హల్ హౌస్ భవనాలను చాలావరకు పడగొట్టారు. మొదటి పాత మేడ, భోజనశాల మాత్రం మ్యూజియముగా మిగిలాయి. జేన్ ఆడమ్స్ 1931లో నోబెల్ శాంతి బహుమానం పొంది, 1935లో కన్నుమూసింది.

మేరీ కెన్నీ 1892లో అమెరికా కార్మిక సమాఖ్యకు మొదటి మహిళా నిర్వాహకురాలిగా నియమింపబడింది. 1894లో వివాహము చేసుకొని బోస్టను వెళ్లింది. 1902లో భర్త ప్రమాదంలో చనిపోతే పిల్లలను తానే పెంచుకొన్నది. 1914 నుండి 20 సంవత్సరాలు మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో కూలికి పనిచేసిన పిల్ల, ఇప్పుడు అధికారపత్రంతో అదే గుమ్మాలు దాటి వెళ్లి, లోపల ఆడపిల్లలు ఎలా ఉన్నారో, గదులకు గాలి ఉందో లేదో, తలుపులు తెరుచుకొంటాయో లేదో చూసి వచ్చేది.